హయత్‌నగర్ దారి చివర సముద్రం: లోతునీటి వేటలో ఒక రోజు

హయత్‌నగర్: హయత్‌నగర్ మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ దాటి, మచిలీపట్నం వద్ద సముద్రతీరాన ముగుస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలోనూ ఈ దారికి అదే గమ్యం. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేర వెలసిన ఈ ఊరిలోని మసీదు, సరాయి నాటి బాటసారులకు మజిలీగా ఉపయోగపడినవి. 1611లో ఆంగ్లేయ వర్తకులు తమ స్థావరం ఏర్పరచుకున్నది కూడా ఆ బందరు రేవులోనే. నేడు అదే దారి వెంట ఐసులో పేర్చిన సముద్రపు చేపలు నగరానికి చేరుతున్నవి. ఇక్కడి వినియోగదారునికి చేప ధర తెలుసు. ఆ చేప కోసం సముద్రంలో గడిచిన రోజు ఎటువంటిదో తెలిసే అవకాశం తక్కువ.

సముద్రానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నప్పటికీ ఈ ప్రాంతానికి వేటతో సంబంధం లేకపోలేదు. 2006లో ఏర్పాటైన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ ప్రాంతంలో చేప ఆకారపు భవనంలో ఉన్నది. 1999లో ఏర్పాటైన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, హైదరాబాదు ప్రగతినగర్ నుండి పనిచేస్తున్నది. బందరు పడవ ఏ దిక్కుకు సాగాలో సూచించే సమాచారం ఇక్కడినుండే వెలువడుతుంది.

చేప ఎక్కడ ఉన్నది?

సముద్రమంతటా చేపలు సమానంగా ఉండవు. వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే చోట పోషకాలు చేరి, సూక్ష్మ వృక్షజాలం పెరుగుతుంది. దానిని తినే చిన్న చేపలు, వాటిని వెంబడించే పెద్ద చేపలు అక్కడికి వస్తాయి. ఉపగ్రహాల ద్వారా సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని గమనించి ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు అటువంటి ప్రదేశాలను గుర్తిస్తారు. రేవునుండి ఎంత దూరం, ఏ దిశ, ఎంత లోతు అన్న వివరాలను తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో అందజేస్తారు. వెదుకులాట తగ్గితే డీజిలు ఆదా అవుతుంది. అయితే ఆకాశం మేఘావృతమైనపుడు ఈ సూచన అందడం కష్టం. అటువంటి రోజున సరంగు అనుభవమే ఆధారం.

ఒక రోజులో ఎంత దూరం?

మచిలీపట్నం సమీపంలోని గిలకలదిండి రేవునుండి మర పడవ సముద్రంలోకి వెళ్ళాలంటే ముందుగా మొగ దాటవలసి ఉన్నది. ఇసుక మేట వేసినపుడు పోటు సమయం కోసం పడవలు వేచి ఉండడం ఇక్కడి మత్స్యకారులకు చిరకాలపు ఇబ్బంది. ఈ కారణంగా బయలుదేరే వేళను నిర్ణయించేది గడియారం కాదు, ఆటుపోట్లు.

గంటకు 14 కిలోమీటర్ల వేగంతో సాగే పడవను ఉదాహరణగా తీసుకుంటే, తీరంనుండి 8 కిలోమీటర్ల గీత దాటడానికి అరగంటకు పైగా పడుతుంది. ఆ గీతకు ఇవతలి నీటిని తెప్పలు, నాటు పడవలతో జీవించే సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించడం జరిగింది. సముద్రంలో చేపల వేట క్రమబద్ధీకరణకై 1994లో చేసిన ఆంధ్రప్రదేశ్ చట్టం ఇందుకు ఆధారం. 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాల అంచు, అనగా సుమారు 22 కిలోమీటర్లు, చేరడానికి గంటన్నరకు పైగా కావాలి. 200 నాటికల్ మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలి చివరకు, అనగా సుమారు 370 కిలోమీటర్ల దూరానికి, ఇరవై ఆరు గంటలు పట్టగలదు.

కనుక ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగివచ్చే పడవ 60 కిలోమీటర్లు వెళ్ళినా, రాకపోకలకే ఎనిమిదిన్నర గంటలు వెచ్చించవలసి ఉంటుంది. వేటకు మిగిలేది కొద్ది గంటలు మాత్రమే. నిజమైన లోతునీటి వేట ఒక రోజు పని కాకపోవడానికి కారణం ఇదే. పెద్ద పడవలు బియ్యం, మంచినీరు, ఐసు, డీజిలు నింపుకొని రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి.

వల, గేలం, వాటా

ట్రాల్ వల అడుగు నీటిలో ఈడ్చుకుపోతూ రొయ్యలను, అడుగున తిరిగే చేపలను పట్టుకుంటుంది. వంజరం, చందువా వంటి వాటికి వేరు వలలున్నవి. ట్యూనాకు గేలమే సరైన సాధనం. గేలానికి కొమ్ము కోనాం చిక్కినపుడు తాడు చేతికి చుట్టుకున్న మనిషిని నీటిలోకి లాగివేయగల బలం దానికి ఉన్నది. వలలో పడిన చేపను వెంటనే ఐసులో పెట్టకపోతే ధర పడిపోతుంది. అందువలన వేట ముగిసినంత మాత్రాన కళాసీలకు విశ్రాంతి దొరకదు.

రేవులో సరుకు అమ్మిన తరువాత డీజిలు, ఐసు, భోజనం ఖర్చులు ముందుగా మినహాయించి, మిగిలినది యజమానికి, సరంగుకు, కళాసీలకు వాటాలుగా పంచుకోవడం ఆనవాయితీ. ఖర్చు రాబడిని మించిన రోజున కళాసీ ఇంటికి చేరేది కూర చేప మాత్రమే. డీజిలు ధరలో చిన్న మార్పు సైతం ఆ ఇంటి పొయ్యి వరకు చేరుతుంది.

అద్దె నౌకల అనుభవం

కొన్ని దేశాలలో పర్యాటకులు పడవను ఒక రోజుకు అద్దెకు తీసుకొని గేలాలు వేయడం వినోదంగా వర్ధిల్లుతున్నది. మన తీరంలో అద్దె నౌక అన్న మాటకు వేరొక చరిత్ర ఉన్నది. 1980 దశకంలో విశాఖపట్నం కేంద్రంగా పెద్ద ట్రాలర్లు రొయ్యల కోసం బెంగాలు తీరపు శాండ్‌హెడ్స్ వరకు వెళ్ళేవి. రొయ్యల దిగుబడి తగ్గినపుడు రుణభారంతో వాటిలో అనేకం రేవులోనే నిలిచిపోయినవి. విదేశీ నౌకలను అద్దెకు తెచ్చుకోవడానికి 1981నుండి అనుమతి లభించగా, 1991నాటి విధానం ఉమ్మడి సంస్థలకు, లీజులకు కూడా తలుపులు తెరిచింది. దీనిపై దేశవ్యాప్తంగా మత్స్యకారులు ఆందోళనకు దిగారు. 1995లో ఏర్పాటైన మురారి కమిటీ ఈ అనుమతులను రద్దు చేయాలని 1996లో సిఫార్సు చేసింది. తదుపరి కేంద్రం ఆ విధానాన్ని ఉపసంహరించుకున్నది.

2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక ఆర్థిక మండలిలో వేటకు కొత్త నిబంధనలను ప్రకటించింది. వీటి ప్రకారం మర పడవలకు, పెద్ద మోటారు పడవలకు ఆన్‌లైన్ అనుమతి పత్రం తప్పనిసరి కాగా, సంప్రదాయ పడవలకు మినహాయింపు లభించింది. మత్స్యకార సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వడం, విదేశీ నౌకలను దూరంగా ఉంచడం ఇందులోని ముఖ్యాంశాలు. లోతునీటి సంపద ఎవరికి చెందాలన్న మూడు దశాబ్దాలనాటి ప్రశ్నే ఈ నిబంధనలకు నేపథ్యం.

విరామం, రక్షణ

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 రోజులు మర పడవల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలమిది. ఈ విరామంలో జీవనభృతిగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 'మత్స్యకార సేవలో' పథకం ద్వారా అర్హత గల కుటుంబానికి 20,000 రూపాయల చొప్పున అందజేసింది.

1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెన, 2004 డిసెంబరు 26నాటి సునామీ కృష్ణా తీరం మరువలేనివి. సునామీ అనంతరం 2007లో హెచ్చరికల కేంద్రం ఇన్‌కాయిస్‌లోనే ఏర్పాటైనది. పడవలకు ఉపగ్రహ ఆధారిత ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ కార్యక్రమం 2024లో ప్రారంభమైనది. మొబైల్ సంకేతం అందని దూరంలో సైతం హెచ్చరిక చేరవేయడం, ఆపద సమాచారం ఒడ్డుకు పంపడం వీటి ప్రయోజనం. అయితే వాతావరణ శాఖ వేటకు వెళ్ళరాదని హెచ్చరించినపుడు పడవను రేవులో ఉంచడానికి మించిన రక్షణ లేదు.

సముద్రంపై వార్తల సేకరణకు, తనిఖీకి వెళ్ళే పాత్రికేయులు, అధికారులు పడవ రిజిస్ట్రేషను, వేట లైసెన్సు, లైఫ్ జాకెట్లు, సమాచార పరికరాలు సక్రమంగా ఉన్నదీ లేనిదీ పరిశీలించిన పిదపనే పడవ ఎక్కవలెను. బయలుదేరే వేళ, తిరిగివచ్చే వేళ రేవులో తెలియజేయవలెను. సముద్రంలో ఆపద ఎదురైనపుడు తీర రక్షక దళాన్ని 1554 నంబరు ద్వారా సంప్రదించవచ్చును.