బిళ్ళ గన్నేరు ఆకూ, మందుకు లొంగని క్యాన్సరూ

హైదరాబాదులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వైపు మెట్రో రైలెక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. అక్కడే నిమ్స్ ఆసుపత్రి. ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఈ సంస్థకు నేడు క్యాన్సర్ వైద్యం కోసమూ పల్లెల నుంచి జనం వస్తున్నారు. వచ్చిన ప్రతిరోజూ రోగికి ఒక కూలి పోయినట్టే. తోడు వచ్చిన మనిషిది మరో కూలి. రిపోర్టుల సంచిలోనే ఆకు పసరు సీసా, చెట్టు మందు పొట్లం కూడా తెచ్చుకునేవారున్నారు. "ఇంగ్లీషు మందు పని చెయ్యకపోతే ఇది చేస్తదట గదా?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నను ఎగతాళి చేయటం తప్పంటాము. ఆసుపత్రిలో ఎక్కించే మందుల్లో కొన్ని చెట్టు నుంచి వచ్చినవే మరి!

మన గుడిసెల ముందు పూసే బిళ్ళ గన్నేరునే చూడండి. దాని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. జమైకాలో దాని ఆకు కషాయం చక్కెర జబ్బుకు తాగేవారు. 1952లో అక్కడి నుంచి 25 ఆకులు కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు చేరాయి. ఆయన సోదరుడు రాబర్ట్ నోబుల్ ఆ ఆకు సారాన్ని ఎలుకల మీద పరీక్షించాడు. చక్కెర తగ్గలేదు గాని, తెల్ల రక్తకణాలు పడిపోయి, రోగాలు సోకి ఎలుకలు చచ్చాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగేదే రక్త క్యాన్సరు గదా, దానికిది పనికిరాదా అన్న ఆలోచన అక్కడ మొలిచింది. ఆ ఆకు నుంచే తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సరు వైద్యంలో నేటికీ అది ముఖ్యమైన మందు. టన్నుల ఎండుటాకు పిండితే గ్రాముల్లో వచ్చే సరుకది. లాభం ఎలై లిల్లీ కంపెనీకి పోయింది. మడగాస్కర్ జనానికి వాటా లేదు.

గుప్పెడాకు నలిపి తాగితే అదే మందు ఒంట్లోకి పోతుందా? ఎంత పోతుందో ఎవరికీ తెలియదు. ఆ ఎలుకల గతి మరచిపోకూడదు.

ఇక మందుకు లొంగని క్యాన్సరు సంగతి. పత్తి చేలో పనిచేసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 1997-98లో వరంగల్ జిల్లాలో ఎన్ని సార్లు మందు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు; అప్పుల పాలైన రైతులే చచ్చిపోయారు. పిచికారీకి చచ్చేవి చావగా, తట్టుకున్న నాలుగు పురుగులు పిల్లలు పెట్టి చేనంతా నిండాయి. క్యాన్సర్ కణాలదీ అదే తీరు. వాటిలో కొన్నింటికి మోటారు పంపు వంటి ఏర్పాటు ఉంటుంది. లోపలికి పోయిన మందును పోయినట్టే బయటికి తోడేస్తుంది. 1976లో కెనడాలో జూలియానో, లింగ్ అనే శాస్త్రజ్ఞులు ఈ పంపును గుర్తించారు. దాని పేరు పి-గ్లైకోప్రొటీన్. చిక్కేమంటే, ఒక మందుకు అలవాటుపడిన కణం ఇంకా అనేక మందుల్నీ తోడిపారేయగలదు.

పంపు ఆపితే మందు లోపల నిలుస్తుంది గదా! వెరాపమిల్ అనే గుండె మందు ఆ పని చేయగలదని 1981లో జపాన్‌లో ప్రయోగశాలలో తేలింది. మనుషుల్లో మాత్రం అందుకు కావలసిన మోతాదు గుండెకే ముప్పు తెచ్చింది. అందుకే మళ్ళీ చెట్ల వైపు చూపు మళ్ళింది. పసుపులోని కర్‌క్యుమిన్, మిరియాల్లోని పైపరిన్ ఈ పంపును కొంత అణచగలవని గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద కనిపించింది. పళ్ళెం వేరు, మనిషి వేరు. మింగిన కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిరియం దాన్ని పెంచుతుంది, నిజమే. దాంతోపాటు ఇతర మందుల మోతాదునూ తారుమారు చేయగలదు. ఈ పదార్థాలతో మొండి క్యాన్సరు నయమవుతుందని మనుషుల మీద ఇంతవరకు రుజువు కాలేదు.

రుజువయ్యేదాకా వ్యాపారులు ఆగుతారా? పసుపుతో పుండు మానుతుందన్న మన అవ్వల తెలివికే 1995లో అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పోరాడితే 1997లో అది రద్దయింది. ఇప్పుడు అదే పసుపు సారాన్ని సీసాల్లో గుళికలుగా అమ్ముతున్నారు.

"అయితే పసుపు తినొద్దంటరా?" అని అడగవచ్చు. కూరలో ఎప్పటిలాగే వేసుకోండి. గుళికలూ, పసర్లూ మాత్రం డాక్టరుకు చూపకుండా మింగవద్దు. ఇదివరకే తాగుతూ ఉంటే దాచవద్దు. సీసా సంచిలో ఉంటే తీసి బల్ల మీద పెట్టండి. ఆయన విసుక్కున్నా సరే.