వల్లకాటి సుంకము

శ్మశానమునుండి మరలివచ్చినవారు తలస్నానము చేయక యింట నడుగుపెట్టరాదను ఆచారము తెలుగునాట నెల్లెడల నున్నదే గాని, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపుకొను అనంతపురము పీఠభూమిలో ఆ యొక్క ఆచారమును నిలుపుకొనుటకే నేడు నీటి ట్యాంకరును బాడుగకు పిలువవలసి వచ్చుచున్నది. పూర్వము ఊరి వెలుపల దిగుడుబావి యొకటి యుండెడిది. వల్లకాటినుండి వచ్చువారు త్రోవలోనే అందు మునిగి, తడిబట్టలతో వచ్చి, చావింట వెలుగుచున్న దీపమును చూచి ఎవరి యిండ్లకు వారు పోయెడివారు. బోరుబావులు వందల అడుగులు దిగిన కొలదియు ఆ దిగుడుబావులెండి, వాని మెట్లపై ఇప్పుడు కంపచెట్లు మొలచియున్నవి. కావున ప్రాణము పోయిన గడియలోనే ఇంటివారు పురమాయించు వస్తువులలో ట్యాంకరు మొదటిది, వచ్చిపోవు బంధువుల దాహమునకు నీళ్ల క్యాన్లు రెండవది. చావుఖర్చు పెరిగినదని ఈ సీమలో ఎవ్వరిని కదిలించినను చెప్పుదురు. ఏది పెరిగినదని తరచి యడిగినచో, చితికిని గుంతకును పట్టు రొక్కము అందులో కొంచెమే యనియు, తక్కినదంతయు ఒకప్పుడు ఊరు ఊరకే యిచ్చినదానిని నేడు వెలపెట్టి కొనుటవలన నేర్పడినదనియు తెలియవచ్చును.

అడవి పలుచనైన ఈ నేలలో పూడ్చిపెట్టు వాడుక విస్తారము. లింగాయతులు శవమును కూర్చుండబెట్టి సమాధి చేయుదురు. బోయలు, కురుబలు మొదలగువారిలోను మట్టిచేయుటయే పరిపాటి. బ్రాహ్మణులును వైశ్యులును దహనము చేయుదురు. దహనమునకు బహిరంగ చితిపై నాలుగైదు వందల కిలోల కట్టె పట్టును. అంత కట్టె వేపయో చింతయో ఇంటి పొలములోనిది దొరకునంతకాలము అది ఖర్చుగా తోచలేదు, ఇప్పుడది పట్టణపు అడితిలో తూకము వేయించి, ట్రాక్టరు బాడుగ కట్టి తెచ్చుకొనునది. పూడ్చువారి కష్టము వేరు. ఎర్రనేల పైన మూరెడు మట్టి, దాని క్రింద గరుసు, ఆ క్రింద బండ. నడివేసవిలో అట్టిచోట గుంత త్రవ్వుటయన్న గడ్డపార మొన వంగు పని. పూటంతయు పట్టు ఆ పనికి ఊరిలో వయసువారు చాలక, జేసీబీని గంట లెక్కన పిలుచుట అలవాటైనది. యంత్రము వచ్చి పోవు దూరమునకును బాడుగ పడును గనుక, గుంత త్రవ్విన నిమిషములకంటె రోడ్డు మీద గడచిన నిమిషములకే ఎక్కువ చెల్లించిన సందర్భములు గలవు.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. వెనుకటి చావు చౌకయని నిట్టూర్చు పెద్దలు, ఆ చౌకదనమును ఎవరి రెక్కలు మోసినవో తలచుకొనరు. పొరుగూళ్లకు చావు కబురు మోయుట, పలక కొట్టుట, గుంత త్రవ్వుట, కట్టె చీల్చుట మాల మాదిగల విధియని ఊరు శాసించి, సుగ్గినాడు కళ్ళములో కొలిచిన నాలుగు చేటల మేరతో ఏడాది పొడుగున వెట్టి చేయించుకొన్నది. ఊరివారి శవములకెల్ల గుంతలు త్రవ్వినవారి బిడ్డలకు తమవారిని పూడ్చుకొను జానెడు చోటు లేక, శ్మశానస్థలమునకై నేటికిని అర్జీలు పెట్టుకొను పల్లెలున్నవి. నేడు పలకల మేళము రేటు మాటాడుకొని గాని కదలదన్నచో, చావుఖర్చులోని ఈ పెరుగుదలను పెరుగుదలయని పేర్కొనుటకు నాకు మనసు రాదు; అది ఆలస్యముగా చెల్లుచున్న కూలి.

చావుఖర్చు పెరుగుటకు రెండవ కారణము వలస. శెనక్కాయ పంట వరుసగా దెబ్బతిన్న ఏండ్లలో మడకశిర, హిందూపురము, కదిరి ప్రాంతములనుండి వయసువారు బెంగుళూరు కట్టడపు పనులకు తరలిరి. కొందరు కువైటునకు పోయిరి. ముసలివారు ఊర మిగిలిరి, చావులును ఊరనే మిగిలినవి. పూర్వము సూర్యాస్తమయమునకు ముందే ముగిసిన కార్యము, కొడుకు విమానము దిగి దేవనహళ్లినుండి కారెక్కి వచ్చువరకు ఆగవలసి యున్నది. ఆగుటకు ఐస్‌పెట్టె కావలెను, దానికి దినబాడుగ, కరెంటు పోయినచో జనరేటరు, జనరేటరుకు డీజిలు. రాత్రియెల్ల వచ్చి కూర్చుండువారికి షామియానా, కుర్చీలు, టీ. చావింట పొయ్యి వెలిగింపరాదను నియమము వలన ఇరుగుపొరుగువారు వండి తెచ్చు అన్నము నాడు సరిపోయెడిది. మూడు దినములు సాగు నిరీక్షణకు ఏ పొరుగిల్లు వండిపెట్టగలదు? ఆ వంటయు కూలికే పోయినది. పాడె మోయుటకు నలుగురి భుజములు దొరకని వీధులలో వైకుంఠరథము వచ్చినది. దానికి పూల అలంకారము వేరు, ముందు నడచు బ్యాండు వేరు, టపాసులు వేరు. కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ వేరు. 2022 ఆగస్టులో ప్రభుత్వము ఫ్లెక్సీలపై నిషేధము ప్రకటించిన తరువాతను ఈ కన్నీటి నివాళులు గాలికి రెపరెపలాడుచునే యున్నవి. చనిపోయినవాని ముఖముకంటె నివాళి నర్పించువారి ముఖములే అందు పెద్దవి.

ఈ సందర్భమున మహమ్మదీయుల పద్ధతిని గమనింపదగును. మసీదులో ఉమ్మడి సొత్తుగ నుండు జనాజాపెట్టె ధనికునకును దరిద్రునకును ఒక్కటే. కప్పునది తెల్లని కఫను గుడ్డ. వీలైనంత త్వరగా మట్టిచేయుట మతవిధి యగుటచే ఎదురుచూపుల ఖర్చు తక్కువ. వారిలోను నలువదవనాటి విందులు పెరుగుచున్నవని వారే చెప్పుకొందురు. క్రైస్తవులలో చెక్కపెట్టె వెలయు, ఆదరణ కూడికకు భోజనముల వెలయు నున్నవి. ఏ మతమునను మరణము తనంతట ప్రియము కాలేదు. దాని చుట్టు చేరు జనమును కూర్చుండబెట్టి తృప్తిపరచుటయే ప్రియమైనది.

ఆసుపత్రిలో పోయినవాని సంగతి మరియొక విధము. ప్రభుత్వాసుపత్రులనుండి శవములను ఉచితముగా ఇల్లు చేర్చుటకు మహాప్రస్థానము వాహనములున్నవి. అవి చాలనిచోట, రాత్రివేళ, వాకిట నిలిచియున్న ప్రైవేటు అంబులెన్సువాడు చెప్పినదే ధర. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో కొడుకును పోగొట్టుకొన్న యొక తండ్రి, అంబులెన్సువారు అడిగినంత ఇచ్చుకొనలేక, బయటినుండి పిలిపించుకొన్న బండిని వారు రానీయక పోగా, బిడ్డ శవమును మోటారు సైకిలుపై ఒడిలో నుంచుకొని దాదాపు 90 కిలోమీటర్లు పోయెను. రాష్ట్రమంతయు ఉలికిపడినది; ఐనను ఆ వెల నిర్ణయించు తీరు, ఆ వాకిటి తీరు, తెలుగువారికి పూర్వపరిచితమే. మన పల్లెలలో తెల్లవారులు ఆడు హరిశ్చంద్ర నాటకములో కాటిసీను వచ్చువరకు నిదురపోయినవారిని సైతము తట్టి లేపుదురు. చచ్చిన కొడుకును తెచ్చుకొన్న చంద్రమతిని కాటికాపరియైన భర్తయే సుంకమడుగు ఆ ఘట్టమున ఆడువారు కన్నీరు పెట్టుట నేటికిని కలదు. ఆ సుంకము ఒక్కటి, అడుగువాడొక్కడు, పుచ్చుకొనునది యజమాని ఆజ్ఞచేత. నేటి సుంకములకు లెక్క లేదు. అడుగువారిలో ఎవ్వరును హరిశ్చంద్రులు కారు, దుర్మార్గులును కారు, అందరును బాడుగకు వస్తువు తెచ్చుకొని కిస్తీలు కట్టుకొనువారే.

దుఃఖములో నున్నవాడు బేరమాడడు. అమెరికాలో జెస్సికా మిట్‌ఫర్డ్ అను రచయిత్రి 1963లో అక్కడి అంత్యక్రియల వ్యాపారమును ఎండగట్టుచు గ్రంథము వ్రాయగా, చివరకు 1984లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను, అడిగిన ప్రతివానికిని ధరల పట్టిక చేతికిచ్చి తీరవలెనని నిబంధన తెచ్చినది. బ్రిటనులో సన్‌లైఫ్ అను బీమా సంస్థ ఏటేట వేయు లెక్క ప్రకారము సాధారణ అంత్యక్రియలకు 2004లో 1,835 పౌనులైనది 2023 నాటికి 4,141 పౌనులైనది. మన వైకుంఠరథమునకు, ఐస్‌పెట్టెకు, జేసీబీకి, పట్టణపు అడితికి ధరల పట్టిక తగిలించుట పెద్ద శాసనము కోరు పని కాదు. పంచాయతీ కార్యాలయపు గోడ చాలును. ఆ గోడపై ఉపాధిహామీ కూలి రేటు వ్రాసియుండగా, శవవాహనపు రేటు వ్రాయరాదా?

ఐతే ఇంతవరకు చెప్పిన ఖర్చంతయు మూడవనాటితో ముగియును. ఇంటిని ముంచునది దివసము. మూడవదినము పాలుపోయుట చిన్నదినము. పదకొండవనాడో, కులాచారమును బట్టి మరియొకనాడో, పెద్దదినము. పూర్వము ఆనాడు దాయాదులును వియ్యపువారును చేరి, పోయినవానికి ఇష్టమైన వంటకములు సమాధి ముందు విస్తరిలో పెట్టి, కాకి ముట్టువరకు నిలిచి, ఇంటికి వచ్చి ముద్దయు పప్పును తిని పోయెడివారు. నేడు దివసమునకు కార్డులచ్చగును. పెండ్లికి పిలిచినంత మందిని పిలువవలెను. పిలువనివాడు కోపించును, పిలిచినవాడు లెక్కపెట్టును. మాంసము తిను కులములలో పొట్టేళ్లు తెగును. వేటమాంసపు ధర నెరిగినవారికి ఆ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. “కొడుకు దివసం గనంగా చేసినాడప్పా” యను నొక్క మాటకై, పోయినవానికి చివరి నెలలలో మందులు కొనలేని కొడుకు వందలమందికి విస్తళ్లు వేయును. “నలుగురు ఏమనుకుంటారో” యను భయము ధనికునకంటె దరిద్రునకే ఎక్కువ. ధనికుడు చేయకున్న పొదుపరి యనుదురు, దరిద్రుడు చేయకున్న తండ్రికి అన్నము పెట్టలేదందురు.

ఈ పీడ మనకే ప్రత్యేకమైనది కాదు. రాజస్థానము 1960లోనే మృత్యుభోజ నిరోధక చట్టము చేసి, వందమందికి మించి చావు విందు పెట్టుట నేరమన్నది. ఆరు దశాబ్దములు గడచినను అచ్చట ఆ విందులు నిలువలేదనుట, చట్టము గడపవరకే పోగలదు గాని పంక్తిలో కూర్చుండలేదనుటకు తార్కాణము. అనిరుధ్ కృష్ణ అను పరిశోధకుడు ఇరువదేండ్ల క్రిందట ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామములలో తిరిగి, ఒకప్పుడు నిలకడగా నున్న కుటుంబములు పేదరికములోనికి జారుటకు కారణములు విచారించినపుడు, రోగములును పెండ్లిండ్లును చెప్పిన నోళ్లే చావుఖర్చులను గూడ చెప్పినవి. కరవు జిల్లాలో పంట పోయిన యేడు ఇట్టి ఖర్చు మీదపడినచో ఏమగునో ఊహించుట కష్టము కాదు.

ప్రభుత్వములు చేయిచాపలేదనుటకు వీలులేదు. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ కుటుంబ ప్రయోజన పథకము, ఇంటిని పోషించువాడు చనిపోయిన పేద కుటుంబమున కిచ్చు సాయమును 2012లో 20,000 రూపాయలకు పెంచినది. ఈ.ఎస్.ఐ.లో నున్న కార్మికుడు పోయినచో అంత్యక్రియలకు 15,000. కరోనా కాలమున రాష్ట్రప్రభుత్వము ఆ వ్యాధితో పోయినవారికి 15,000 చొప్పున ప్రకటించినది. వైఎస్‌ఆర్ బీమాలో సచివాలయము ద్వారా తక్షణ సాయము 10,000 రూపాయలుగా నుండెను. రాష్ట్రప్రభుత్వోద్యోగికి ‘మట్టి ఖర్చులు’ 2022 వేతన సవరణతో 25,000. అంత్యక్రియల సేవకు జీఎస్టీ లేదు. 2022 జూలైలో 18 శాతము వేసినారని పుట్టిన వదంతి, శ్మశానముల నిర్మాణపు కాంట్రాక్టులకు సంబంధించిన పన్నును శవముల మీద పన్నుగా చదువుకొనుట వలన కలిగినది. కాని కప్పు గుడ్డకు, డీజిలుకు, షామియానా బాడుగకు పన్ను తప్పదు. అది ధరలో కరగియుండును గనుక ఎవ్వరికిని కనబడదు.

ఈ అంకెలను కొలుచుటకు ఈ జిల్లాలోనే పుట్టిన కొలబద్ద యొకటి యున్నది. జాతీయ ఉపాధిహామీ పథకమును 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగు నార్పల మండలము బండ్లపల్లిలో ప్రారంభించెను. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ఆ పథకపు దినకూలి 307 రూపాయలు. ఆ లెక్కను ఉద్యోగి మట్టి ఖర్చు 81 దినముల కూలి, బీమా వారి తక్షణసాయము 33 దినముల కూలి. ఏ గుంతయైనను అదే గరుసులో అదే లోతు త్రవ్వవలసియుండగా, ఉద్యోగి గుంతకును కూలివాని గుంతకును ఇంత వ్యత్యాసమేలనో లెక్క కట్టినవారే చెప్పవలెను. పైగా, సాయపు సొమ్ము ఎంత తక్షణమైనను కాగితము వెనుకనే నడచును. ఐస్‌పెట్టె మాత్రము సొమ్ము చేతబడిన పిమ్మటనే దిగును. ఆ నడిమి వ్యవధిని పూరించువాడు ఊరి వడ్డీవ్యాపారి.

పొదుపు సంఘముల స్త్రీలు కొన్నిచోట్ల చావింటికి సంఘపు నిధినుండి అప్పటికప్పుడు రొక్కమిచ్చి ఆదుకొనుచున్నారు; అది వడ్డీ తక్కువ అప్పే గాని అప్పే. లేనిచోట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మంచిదను మాట. ఆ లెక్కను 50,000 తెచ్చి తండ్రి దివసము చేసినవానికి నెలకు 1,000, ఏడాదికి 12,000 వడ్డీ. అనగా ఉపాధిపనిలో 39 దినముల కూలి, అసలు అట్లే యుండగా. చావు వేసవిలో జరిగినచో కష్టము రెట్టింపగును. జూన్, జూలైలలో తొలకరి పడిన వెంటనే విత్తుటకు దాచిన విత్తనపు కాయ అమ్మి దివసము చేసినవాడు, వాన వచ్చిన దినమున కాయ కొనుటకు మరల అదే వ్యాపారి గడపకు పోవును. విత్తిన చేను ఎండునో పండునో తేలి, కాయ పీకి, కుప్ప నూర్చి, అసలులో కొంతయైన తీర్చుదమని చూచుకొనునప్పటికి పురోహితుడు పంచాంగము తిరుగవేసి సంవత్సరీకపు తిథి చెప్పిపంపును. వంటవాడు ఎంతమందికని అడుగును.