మెదడు పటము, మనోవ్యాధి



ఒక మనిషి వారముల తరబడి నిద్ర లేకున్నను అలుపెఱుగక, చేను కుదువబెట్టి గొప్ప వ్యాపారము చేయుదునని ఊరంతయు తిరుగును. కొన్నాళ్లకు అతడే గోడవైపు మొగము పెట్టి పండుకొనును, అన్నము ముట్టడు, బ్రతుకే వలదనును. గాలి సోకినదనియు, ఎవరో చేయించిరనియు మన సీమలో చెప్పుకొందురు. వైద్యులు దీనిని బైపోలార్ వ్యాధి యందురు.

కోవెలకుంట్ల వైపు రైతొకరు నన్నిట్లడిగిరి: "అయ్యవారూ, మెదడుకు ఫోటో తీపిస్తే మావాని రోగం తేలుతుందా? తేలేదయితే ఎద్దులమ్మైనా తీపిస్తా." ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలయునన్న ఆ ఫోటో యెట్టిదో ముందు తెలియవలెను.

ఎం.ఆర్.ఐ. యంత్రము పెద్ద అయస్కాంతము. దానిలో మనిషిని పండుకొనబెట్టి రేడియో తరంగములను పంపుదురు. నా మాటను మీ యింటికి తెచ్చుచున్న తరంగముల జాతివే యవి. శరీరములోని కొన్ని పరమాణువులు వానికి బదులు పలుకును. ఏ రసాయనములోనిది ఆ పరమాణువో, దానినిబట్టి ఆ పలుకుబడి రవంత మాఱును. భజనలో పదిమంది పాడుచున్నను ఎవరి గొంతేదో పోల్చుకొనమా? అట్లే మెదడు కోయకుండ అందలి రసాయనముల పాళ్లు తెలిసికొందురు. దీనికి స్పెక్ట్రోస్కోపి యని పేరు.

ఇందులో మన తెలుగువాని ప్రస్తావన యున్నది. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో ఫిస్క్ అను ఆచార్యునితో గూడి, 1927లో కండలలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. శక్తిని గాదెలో ధాన్యమువలె నిలువచేయునది యది. మెదడులోను కలదు. 1990 తరువాత జపానులో కాటో మొదలగువారు బైపోలార్ రోగుల మెదడును ఈ విధముగా పరీక్షించి, విషాద దశలో ఆ పదార్థము తగ్గినట్లు చూచిరి. దయ్యము పట్టినదనువారికి ఇంతకన్న జవాబేమి కావలెను?

అయినను ఎద్దులనమ్మవలదనియే నేను చెప్పితిని. ఆ తేడా గుంపుల సగటులో తేలినది. రెండూళ్ల జొన్నపంట సగటు చూచిన ఒక యూరిది ఎక్కువ కావచ్చును. ఒక మూట తెచ్చి ఇది యే యూరిదన్న ఎవరు చెప్పగలరు? నేటికిని ఈ వ్యాధిని వైద్యుడు రోగి నడతను, ఇంటివారు చెప్పు వృత్తాంతమును బట్టియే నిర్ణయించును. మూర్ఛయో, తలదెబ్బయో, కంతి యనుమానమో యున్నచో స్కాను వ్రాయును. అది వేఱు సంగతి.

ఆ డబ్బు మందులకును రక్తపరీక్షకును ఉంచుకొనుడు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ ఉన్మాదమునకు లిథియమును వాడి చూపెను. నేటికిని అది ప్రధానౌషధములలో నొకటి. అది యొక లవణజాతి. మేలు చేయు మోతాదునకును విషమునకును నడుమ దూరము స్వల్పము. కావున రక్తములో దాని పాలు అప్పుడప్పుడు చూపించవలెను. మన యెండలకు చెమటతో నీరు, ఉప్పు పోయినచో మూత్రపిండములు లిథియమును బయటికి పోనీయక పట్టియుంచును. కనుక ఈ మందు మ్రింగువారు వైద్యుని అడుగక ఉప్పు మానరాదు. నీళ్లు లేని ఉపవాసము చేయరాదు. అంగడిలో తమంత కొనెడి కీళ్లనొప్పుల మాత్రలు కొన్ని దీనిని రక్తములో పెంచును. చేతులు మిక్కిలి వణకినను, వాంతులు, విరేచనములు పట్టినను, నడక తూలినను, తరువాతి మోతాదు వేయక నాడే ఆసుపత్రికి తీసికొని పోవలెను.