పూతరేకూ, కళ్లజోడూ

ఆత్రేయపురంలో పూతరేకు తీయడం మీరెప్పుడైనా చూశారా? బోర్లించిన కుండ కింద మంట మండుతూ ఉంటుంది. పక్కన నీళ్లలా పలచగా కలిపిన బియ్యప్పిండి. చిన్న గుడ్డను అందులో ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తారు. అంతే, కాగితం కన్నా పలచని రేకు లేచి వస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మిఠాయి ఇది. చూస్తే ఎంతో సులువనిపిస్తుంది. కాని మీరు కూర్చుని తీయబోతే ఒకటి చిరుగుతుంది, ఒకటి మాడుతుంది, మరొకటి కుండకే అంటుకుపోతుంది.

సరే, రేకు తీయడం మాట అలా ఉంచండి. చుట్టడం నేర్పాలనుకుందాం. రేకు పరచాలి, నెయ్యి రాయాలి, పంచదార పొడి చల్లాలి, అంచులు మడవాలి, ఆపైన చుట్టాలి. అయిదు పనులు. ఒక చిత్రమైన పద్ధతి చెబుతాను. మొదటి నాలుగూ మీరే చేసిపెట్టి, చివరి చుట్టు మాత్రం నేర్చుకునేవాడి చేత వేయించండి. పూర్తి పూతరేకు వాడి చేతిలోనే ఉంటుంది, వెంటనే తినేయవచ్చు! మర్నాడు చివరి రెండు పనులు వాడివి. తర్వాత మూడు. ఇలా వెనకనుంచి ముందుకు వస్తే ప్రతిసారీ వాడి పని విజయంతోనే ముగుస్తుంది. ఆత్రేయపురంలో ఇలాగే నేర్పుతారని నేననడం లేదు. ఇది ప్రవర్తన శాస్త్రజ్ఞుల పద్ధతి. ఆటిజం ఉన్న పిల్లలకు చొక్కా తొడుక్కోవడం, పళ్లు తోముకోవడం వంటివి నేర్పడానికి దీన్ని వాడతారు.

ఆటిజం అంటే ఏమిటి? అది అంటుకునే జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను గమనించి దీన్ని వివరంగా వర్ణించాడు. ఈ పిల్లల్లో కొందరికి మాటలు రావు. కొందరు తమకిష్టమైన విషయం గురించి ఎంతసేపయినా మాట్లాడతారు. మనం పట్టించుకోని ఫ్యాను చప్పుడు వారికి భరించరాని మోత కావచ్చు. తల్లి సరిగ్గా ప్రేమించకపోవడం వల్ల ఇది వస్తుందని ఒకప్పుడు పెద్ద పెద్ద వైద్యులే అన్నారు. పాపం, ఎందరు తల్లులు కుమిలిపోయారో! అది శుద్ధ తప్పు. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే ఇద్దరు 21 జంటల కవలలను పరిశీలించి, ఇందులో వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉందని చూపారు.

ఇక కళ్లజోడు కథకు వద్దాం. అమెరికాలో మూడున్నరేళ్ల పిల్లవాడు ఒకడుండేవాడు. శాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో వాణ్ణి డికీ అని పిలిచారు. ఆటిజంతోపాటు వాడి కళ్లలో శుక్లాలు. ఆపరేషన్ చేసి కంటి కటకాలు తీసేశారు. ఇక కళ్లజోడు పెట్టుకుని తీరాలి, లేకపోతే చూపు శాశ్వతంగా పోతుంది. వాడేమో జోడును ముఖం దగ్గరికే రానివ్వడు. బలవంతం చేస్తే కొట్టుకుంటాడు, అరుస్తాడు. మీరైతే ఏం చేస్తారు?

మాంట్రోస్ వుల్ఫ్, టాడ్ రిస్లీ, హేడెన్ మీస్ అనే ముగ్గురు చేసినదేమిటంటే, అద్దాలు లేని ఉత్త ఫ్రేములను గదిలో పడేశారు. డికీ ఒకదాన్ని ముట్టుకుంటే తినడానికి చిన్న ముక్క. తర్వాత ముట్టుకుంటే చాలదు, చేత్తో పట్టుకోవాలి. ఆ తర్వాత ముఖానికి దగ్గరగా తేవాలి. ఇలా మెట్టు మెట్టుగా నడిపించారు. దారి సాఫీగా ఏమీ సాగలేదు. మధ్యలో ఎన్నోసార్లు పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. చివరకు డికీ రోజుకు సుమారు 12 గంటలు జోడు పెట్టుకోసాగాడు. వాడి చూపు నిలబడింది! ఈ సంగతి 1964లో ప్రచురించారు.

దీని వెనక ఉన్న సూత్రం బి.ఎఫ్. స్కిన్నర్ 1930లలో ఎలుకల మీద ప్రయోగాలు చేసి రుజువు చేసినదే. ఒక పని చేసిన వెంటనే దొరికే ఫలితాన్ని బట్టి ఆ పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఎలుక మీట నొక్కగానే తిండి దొరికితే మళ్లీ మళ్లీ నొక్కుతుంది. ఈ సూత్రాన్ని మనుషుల నిత్యజీవితానికి వర్తింపజేసే శాస్త్రాన్ని అనువర్తిత ప్రవర్తన విశ్లేషణ అంటారు. 1968 నుంచి దానికంటూ ఒక పత్రిక కూడా ఉంది.

బడిలో ఇది ఎలా పనికొస్తుంది? మీ తరగతిలో రాజు అనే కుర్రవాడు ఉన్నాడనుకోండి. వాడికి ఆటిజం. లెక్కల పీరియడ్‌లో బల్ల దబదబా బాదుతాడు. మాస్టారు కోపంతో వాణ్ణి వరండాలో నిలబెడతారు. మర్నాడు ఇంకా గట్టిగా బాదుతాడు. “ఎంత శిక్షించినా మారడే!” అని మాస్టారు తల పట్టుకుంటారు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వరండా రాజుకు శిక్షేనా? ఆ గంటలో తరగతంతా ఒక్క గొంతుతో ఎక్కాలు అరుస్తోంది. వాడి చెవులకు అది నరకం. వరండాలో ప్రశాంతంగా ఉంది. అంటే మాస్టారు శిక్ష అనుకున్నది వాడికి బహుమానం అన్నమాట! బల్ల బాదడం తప్పక పెరుగుతుంది.

అందుకే ప్రవర్తనను విశ్లేషించేవారు ముందు తిట్టరు, రాసుకుంటారు. పనికి ముందు ఏం జరిగింది, పని ఏమిటి, తర్వాత ఏం జరిగింది అని మూడు గడులు గీస్తారు. నాలుగు రోజులు రాస్తే కారణం బయటపడుతుంది. అప్పుడు రాజుకు “కాసేపు బయటికి వెళ్తాను” అని రాసిన చీటీ ఒకటి ఇచ్చి, దాన్ని చూపడం నేర్పుతారు. బల్ల బాదితే దొరికేది చీటీ చూపినా దొరుకుతుంటే బాదడం ఎందుకు? 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ ఇలాంటి పనే చేసి చూపారు. పిల్లలకు నేర్పిన మాట వారి అసలు అవసరానికి సరిపోయినప్పుడే అల్లరి తగ్గింది. సరిపోని మాట నేర్పితే తగ్గలేదు.

ఈ శాస్త్రం చరిత్రలో మచ్చ కూడా ఉంది, దాచకూడదు. 1987లో ఐవార్ లోవాస్ అనే ఆచార్యుడు వారానికి 40 గంటలు శిక్షణ ఇచ్చిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు పిల్లలతో సమానంగా చదవగలిగారని ప్రకటించాడు. అందరూ ఆశ్చర్యపోయారు. కాని పిల్లలను గుంపులుగా విడదీసిన తీరు సరిగా లేదని ఇతర శాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. పైగా ఆ శిక్షణలో దెబ్బలు కూడా ఉండేవి. అంతకుముందు ప్రయోగాల్లో ఆయన విద్యుత్ షాకు కూడా వాడాడు! ఆటిజం ఉండి పెరిగి పెద్దవారైనవారు ఇప్పుడు అడుగుతున్నారు: సంతోషం కలిగినప్పుడు చేతులు ఆడిస్తే ఎవరికి నష్టం? దాన్నెందుకు మాన్పించాలి? నన్నడిగితే వారి ప్రశ్నే న్యాయం. కళ్లజోడు డికీకి అవసరం. చేతులు కదలకుండా కూర్చోవడం చూసేవాళ్ల ముచ్చట.

మన దేశంలో 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. బడిలో చదువుకోవడం ఆ పిల్లల హక్కు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ ప్రత్యేక విద్య బోధించే ఉపాధ్యాయులను తయారుచేస్తోంది. అయినా ప్రతి ఊరి బడికీ అలాంటివారు అందుబాటులో లేరు. రాజు పక్క బల్ల మీద ఉండేది మీరే.

ఈ మూడు గడుల పద్ధతిని ఇంట్లో పరీక్షించి చూడాలని ఉందా? ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ తమ్ముడో చెల్లెలో రోజూ పేచీ పెట్టే సమయం ఒకటి ఎంచుకోండి. వారం రోజులపాటు పేచీకి ముందు జరిగినదీ, తర్వాత జరిగినదీ ఉన్నదున్నట్టు రాయండి. “మొండివాడు” వంటి మాటలు రాయకూడదు, కంటికి కనబడినవి మాత్రమే రాయాలి. మొదటి గడిలో మాటిమాటికీ మీ పేరే వస్తే మాత్రం కొట్టేయకండి.