బహిష్టు నొప్పి – హార్మోను మాత్రలు

యుక్తవయస్సు వచ్చిన ఆడపిల్లలలో చాలామందికి బహిష్టు సమయంలో పొత్తికడుపులో నొప్పి కలుగుతుంది. కొందరికి అది నడుముకు, తొడలకు ప్రాకుతుంది; వాంతులు కూడా అవుతాయి. ‘ఒక బిడ్డ పుడితే అదే పోతుంది’ అని పెద్దలు సర్దిచెప్పడం పరిపాటి. అయితే ఈ నొప్పికి నిశ్చితమైన కారణం ఉన్నది, నివారణోపాయమూ ఉన్నది.

అండాశయం నుండి అండం విడుదలైన తరువాత ప్రొజెస్టిరోన్ అనే హార్మోను ఊరుతుంది. దాని ప్రభావం వలన గర్భాశయపు లోపొర గర్భధారణకు సిద్ధమవుతుంది. గర్భం నిలవనప్పుడు ఈ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు ఆ పొరలో ప్రోస్టాగ్లాండినులు అనే పదార్థాలు హెచ్చుగా తయారవుతాయి. ఇవి గర్భాశయ కండరాలను గట్టిగా ముడుచుకొనజేస్తాయి. రక్తనాళాలను ఇరుకు చేస్తాయి. రక్తమూ, దానితోపాటు ప్రాణవాయువూ చాలక కండరం నొప్పిపెడుతుంది. బహిష్టు స్రావంలో కండరాలను ముడుచుకొనజేసే పదార్థం ఉన్నదని 1957లో బ్రిటన్‌లో పికిల్స్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. అది ప్రోస్టాగ్లాండినులేనని తరువాత తేలింది.

రజస్వల అయిన తొలి నెలలలో చాలామందికి ఈ నొప్పి ఉండదు. అప్పటికింకా అండం క్రమంగా విడుదల కాకపోవడమే ఇందుకు కారణం. మరి అండం విడుదలను ఆపితే నొప్పి తగ్గాలి గదా! గర్భనిరోధక మాత్రలు చేసేది అదే. వాటిలోని కృత్రిమ హార్మోనులు అండాన్ని విడుదల కానీయవు. లోపొరను దళసరి కానీయవు. పొర పలుచనైతే ప్రోస్టాగ్లాండినులూ తగ్గుతాయి. అమెరికాలో ఎనోవిడ్ అనే మాత్రను 1957లో మొదట అనుమతించినది ఋతుసంబంధమైన రుగ్మతలకే; గర్భనిరోధానికి అనుమతి 1960లో లభించింది. కాబట్టి పేరును చూసి, పెళ్ళికాని పిల్లకు ఈ మాత్ర ఏమిటని సంకోచించనక్కర లేదు. మాత్రలు మానివేస్తే అండం తిరిగి విడుదల అవుతుంది. సంతానయోగ్యత పోదు, నొప్పి మాత్రం మళ్ళీ రావచ్చును.

ఆనాటి ఎనోవిడ్ మాత్రలో ఈస్ట్రోజెన్ సుమారు 0.15 మిల్లీగ్రాములు. మన ప్రభుత్వం పంపిణీ చేసే మాలా-ఎన్ మాత్రలో అది 0.03 మిల్లీగ్రాములే. అయినప్పటికీ ప్రమాదం బొత్తిగా లేకపోలేదు. ఈ మాత్రలు వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి సుమారు ఇద్దరికి సిరలలో రక్తం గడ్డకడితే, వాడేవారిలో 5 నుండి 12 మందికి అట్లా జరుగుతుంది. లోగడ రక్తం గడ్డకట్టినవారు, రక్తపుపోటు ఎక్కువగా ఉన్నవారు, కండ్లముందు మెరుపులు కనిపించి పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు వీటిని వాడరాదు. అందుచేత వైద్యుని సలహా లేకుండా వీటిని ప్రారంభించకూడదు.

అందరికీ ఈ మాత్రలే కావలెనని లేదు. ఐబుప్రొఫేన్, మెఫెనమిక్ ఆమ్లం వంటి మందులు ప్రోస్టాగ్లాండినుల తయారీనే అడ్డగిస్తాయి. నొప్పి ముదిరిన తరువాత కాక, ప్రారంభంలోనే వేసుకుంటే ఇవి బాగా పనిచేస్తాయి. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వీటికి దూరంగా ఉండాలి.

కొన్ని నెలలు మందులు వాడినా లొంగని నొప్పిని, ఏటికేడు పెరిగే నొప్పిని, బహిష్టు కాని రోజులలోనూ బాధించే నొప్పిని ఉపేక్షించరాదు. గర్భాశయపు లోపొర వంటి కణజాలం వెలుపల పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి అందుకు కారణం కావచ్చును. నెలనెలా బడి మానుకొని పడుకొనే పిల్లకు ఓర్పును బోధించడంకంటె వైద్యునికి చూపించడం మేలు.