డాక్టర్ మీతో మూడు నిమిషాలే ఎందుకు మాట్లాడతారు?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో సాయంత్రమైతే క్లినిక్‌ల ముందు కుర్చీలు ఖాళీ ఉండవు. టోకెన్ తీసుకుని గంటసేపు కూర్చుంటారు. లోపలికి వెళ్లి జ్వరం ఎప్పటి నుంచో చెప్పేలోపే మందుల చీటీ చేతికొస్తుంది. 'ఫీజు తీసుకుని సరిగ్గా చూడనే లేదు' అనిపించడం సహజం. కానీ ఇది ఒక్క డాక్టర్ తీరుతో వచ్చిన సమస్య కాదు.

మన దగ్గర ఎంత సమయం దొరుకుతోంది?

67 దేశాల్లో ప్రాథమిక వైద్యంపై జరిగిన ఒక పరిశీలన 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దాని ప్రకారం ఒక్కో రోగికి డాక్టర్ ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైనే. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. భారత్‌లో సుమారు రెండు నిమిషాలు.

కారణాలేంటి?

మొదటిది రద్దీ. ఓపీ నాలుగు గంటలు, వచ్చినవాళ్లు 80 మంది అనుకోండి. ఒక్కొక్కరికి దక్కేది మూడు నిమిషాలు. బీపీ చూడటం, పాత రిపోర్టులు తిరగేయడం, మందులు రాయడం అన్నీ అందులోనే. ప్రభుత్వ ఆసుపత్రిలో 81వ మనిషి వస్తే వెనక్కి పంపలేరు. ఆ సమయం మిగతావాళ్ల వాటాలోంచే పోతుంది.

రెండోది ఫీజు పద్ధతి. ప్రైవేటు క్లినిక్‌లో మీరు కట్టేది విజిట్‌కు, నిమిషాలకు కాదు. మూడు నిమిషాలు చూసినా ఇరవై నిమిషాలు చూసినా ఫీజు ఒకటే. అద్దె, సిబ్బంది జీతాలు అందులోంచే రావాలి. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు అడ్మిట్ అయితేనే వర్తిస్తాయి, ఓపీ ఖర్చు మన జేబులోదే. అందుకే ఫీజు పెంచడం కంటే ఎక్కువమందిని చూడటమే క్లినిక్‌కు తేలిక.

మూడోది, ఫ్యామిలీ డాక్టర్ లేకపోవడం. తెలిసిన డాక్టరైతే మీ షుగర్, మీ అలర్జీ ముందే తెలుసు. కొత్త డాక్టర్ ప్రతిసారీ మొదటి నుంచి అడగాలి. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

నష్టం ఎక్కడ?

డాక్టర్ అడగని ప్రశ్నలో, మీరు చెప్పని మాటలో. వేసుకుంటున్న మందులు, గర్భం, పాత అలర్జీ లాంటివి చెప్పకపోతే ప్రమాదమే. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ విషయం వివరించాలంటే ఐదు నిమిషాలు కావాలి, మందు రాయడానికి ఐదు సెకన్లు చాలు.

మీరేం చేయొచ్చు?

• మామూలు జ్వరం, బీపీ, షుగర్ లాంటి వాటికి ముందు దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్లండి. 2018లో మొదలైన ఈ కేంద్రాల్లో డాక్టర్ సలహా, మందులు ఉచితం. రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నోస్టిక్స్ పథకం కింద ఉచితంగా చేస్తారు. ఆ పథకం ల్యాబ్ నారాయణగూడ ఐపీఎంలోనే మొదలైంది.

• ఇంటి నుంచే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది. ఇదీ ఉచితమే.

• ప్రధాన సమస్య, ఎన్ని రోజులుగా ఉంది, ఏ మందులు వాడుతున్నారు అన్న మూడు విషయాలూ ముందే ఫోన్‌లో రాసుకోండి. రిపోర్టుల ఫొటోలు తేదీల వారీగా పెట్టుకోండి.

• మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్న విషయం ముందు చెప్పండి. లేచి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర చెబితే ఆలస్యమే.

• బయటికొచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇదేం జబ్బు? మందు ఎన్ని రోజులు? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?

• చీటీ అర్థం కాకపోతే మొహమాటపడకండి. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. చికిత్స రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం లాంటివి ఉంటే ఏ ఓపీ లైనులోనూ నిలబడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.