పిల్లల ఈత తొట్టికి ముందు నీళ్ల దారి చూడండి!

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లలకు నీళ్లాట మీదే ధ్యాస. ఈతకొలను ఉన్న చోటికి రోజూ తీసుకెళ్లాలంటే ఖర్చు. బావులకీ చెరువులకీ పంపాలంటే భయం. అందుకే నేల తవ్వకుండా పైనే నిలబెట్టుకునే ఈత తొట్లు కొనేవాళ్లు పెరిగారు. ఇనుప చట్రం, మందపాటి ప్లాస్టిక్ గుడ్డ, ఓ చిన్న పంపు... అంతే సరంజామా. గంటలో బిగించేయొచ్చంటారు అమ్మేవాళ్లు. నిజమే! కానీ దానికింద నేల సంగతి ఎవరూ చెప్పరు. అందులోనూ మా హయత్‌నగర్‌లాంటి చోట, వానొస్తే నీళ్లు నిలిచే పెరడైతే ఆ నేల సంగతే ముందు చూసుకోవాలి.

మా ఊరి పేరు గోల్కొండ రాజమాత హయత్ బక్షీ బేగం మీద వచ్చింది. ఆమె పేరు మీదున్న మసీదు పక్కన హాథీ బావి ఉంది. చుట్టుపక్కల గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు పారి, కింది చెరువుకి నీళ్లు చేరేవి. ఆ దారుల్లో చాలాచోట్ల తర్వాత కాలనీలు వెలిశాయి. 2020 అక్టోబరు 13న ఇక్కడ ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు దగ్గరగా వాన పడినప్పుడు నీళ్లు తమ పాత దారినే వెతుక్కుంటూ వచ్చాయి. మా పెరటి గోడ మీద మోకాలెత్తున ఆనాటి మరక ఇంకా ఉంది. మనవడు తొట్టి కావాలని మారాం చేసినప్పుడు నేను ముందు ఆ మరక వైపే చూశాను.

నీళ్లూ బరువే!

పది అడుగుల వెడల్పున్న గుండ్రటి తొట్టిలో రెండడుగుల ఎత్తున నీళ్లు నింపితే దాదాపు 4,400 లీటర్లు. అంటే నాలుగు టన్నుల పైమాటే! ప్రతి చదరపు అడుగు మీదా 55 కిలోలకు పైగా భారం. నేల ఒకవైపు కుంగితే నీళ్ల ఒత్తిడంతా అటే పడుతుంది. చట్రం వంగి తొట్టి తెరుచుకుంటే పిల్లలు ఆ ఉరవడికి కొట్టుకుపోతారు. నానిన నేల కుంగడం తేలిక. చెరువు ఒండ్రు, నల్లరేగడి అయితే తడికి ఉబ్బుతాయి, ఎండకు బీటలు వారతాయి. ఎర్రమట్టి కాస్త నయం.

అందుకని రెండు చోట్ల అడుగు లోతున గుంతలు తీసి, బకెట్ చొప్పున నీళ్లు పోశాను. గోడవైపు గుంతలో గంటకల్లా ఇంకిపోయాయి. కిందివైపు గుంతలో తెల్లారినా అలాగే ఉన్నాయి. తొట్టి ఎక్కడ పెట్టాలో నేలే చెప్పేసింది.

పక్కింటి వంటగది

మేస్త్రీని పిలిస్తే ఒక్కమాటలో తేల్చేశాడు. ‘‘రెండు ట్రాక్టర్ల మొరం పోపియ్యండమ్మా. అడుగు లేస్తది. ఇంగ ఫికరుండది’’ అన్నాడు. పక్కింటి అక్క గోడ మీంచి వింటూనే ఉంది. ‘‘మీరు లేపుకుంటే ఆ నీళ్లన్నీ మా వంటింట్లకే వస్తయి గద చెల్లె! అత్తమ్మ మంచంల నుంచి లేవలేదు’’ అంది. ఆ మాటలో అబద్ధమేముంది? మనం ఎత్తు చేసుకున్నంత మాత్రాన నీళ్లు మాయమైపోవు, పక్కకు జరుగుతాయంతే. మన పెరడు గట్టెక్కితే పక్కిల్లు చెరువవుతుంది. మట్టి పోయించే ఆలోచన అక్కడితో మానేశాం.

మీ స్థలం చెరువుకు దగ్గరైతే ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. హెచ్‌ఎండీఏ పరిధిలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. అక్కడ నేలను పూడ్చకూడదు.

పోయొద్దు... చెక్కండి

తొట్టి కోసం నేల చదును చేసేటప్పుడు పల్లాన్ని మట్టితో నింపడం కంటే మిట్టను చెక్కడం మేలు. పోసిన మట్టి తర్వాత కుంగుతుంది. పాత నేల గట్టిగా ఉంటుంది. సన్నటి పారదర్శక పైపులో నీళ్లు నింపి మట్టం చూస్తే, పన్నెండు అడుగుల్లో అయిదంగుళాల తేడా వచ్చింది. ఎత్తువైపు చెక్కించాం. గడ్డి, వేళ్లు, రాళ్లు ఏరేసి, నీళ్లు చిలకరించి దిమ్మిసతో కొట్టించాం. పైన రెండంగుళాల మేర క్రషర్ పొడి పరిచి మళ్లీ కొట్టించాం. ఉత్త ఇసుకైతే మొదటి వానకే జారిపోతుంది. పొడి కదలకుండా చుట్టూ ఇటుకలు పాతించాం. చట్రం కాళ్లు దిగబడకుండా ఒక్కోదాని కింద షాబాదు బండ ముక్క నేలతో సమంగా వేయించాం.

అన్నిటికన్నా ముఖ్యం కాలువ. ఎత్తువైపు నుంచి వచ్చే వాననీళ్లు తొట్టి కిందికి చొరబడకుండా, చుట్టూ జానెడు లోతున కాలువ తీసి వీధి వాననీటి కాలువలోకి వాలు ఇచ్చాం. పక్కింటి గోడ వైపు చుక్క పోకుండా అక్కను పిలిచి, నాలుగు బకెట్లు పోసి మరీ చూపించాం. ‘‘గిట్లయితే మంచిగుంది’’ అంది.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

పంపుకు ఈఎల్‌సీబీ తప్పనిసరి. ప్లగ్గు బోర్డు పాత వరద మరక కంటే ఎత్తున ఉండాలి. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లొకరు ఫోను పక్కన పెట్టి అక్కడే కూర్చోవాలి. మునిగే పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. ఆట అయిపోగానే నిచ్చెన తీసి దాచేయండి. తగినంత క్లోరిన్ లేకుండా నీళ్లు నిలవుంచితే వారం పదిరోజుల్లో దోమలు లేస్తాయి. ఖాళీ చేసే ముందు రెండు మూడు రోజులు క్లోరిన్ వేయడం ఆపితే, ఆ నీళ్లను మొక్కలకు పెట్టుకోవచ్చు. వరదనీళ్లు తొట్టిలోకి చేరితే మాత్రం పిల్లల్ని దింపొద్దు. మురుగు కలిసి ఉంటుంది. మొత్తం పారబోసి కడగాల్సిందే.

మృగశిర వచ్చేలోగా

ఇంత చేసినా 2020లాంటి వరదకు ఏ తొట్టీ ఆగదు. 1908 మూసీ వరద సెప్టెంబరులో, 2000 నాటి ముంపు ఆగస్టులో, 2020ది అక్టోబరులో వచ్చాయి. అన్నీ వానాకాలంలోనూ, దాని చివరలోనూ వచ్చినవే. అందుకని మా ఇంట్లో లెక్క ఒకటే. ఉగాది దాటాక తొట్టి బిగిస్తాం, మృగశిర కార్తె ప్రవేశించేలోగా విప్పి, ఆరబెట్టి అటకెక్కిస్తాం. కాలువలో చెత్త తీసి వాననీళ్లకు వదిలేస్తాం.

ఈ వేసవిలో మీరూ తొట్టి కొనాలనుకుంటున్నారా? దుకాణానికి వెళ్లేముందు ఒక్కసారి పెరట్లో నిలబడి చూడండి. వానొస్తే నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఎటు పోతాయి, పోయేచోట ఎవరి ఇల్లుంది? ఈ మూడింటికీ జవాబు దొరికాకే కొలతలు తీసుకోండి.